మునీంద్ర చెవిన పడిన ఈల

కడపలో రాయచోటి రోడ్డు మీద మెకానిక్ మునీంద్రను ఒకప్పుడు పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "చెవి మెకానిక్కు" అంటే చాలు, ఆటోవాళ్లు నేరుగా అతని షెడ్డు ముందు దింపేవాళ్లు. బండి షెడ్డులోకి రాకముందే, రోడ్డు మీద ఉండగానే, "రెండో సిలిండరు నిద్రపోతాంది కదప్పా" అనేవాడు. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకిచ్చే కార్బురేటర్ సరిచేసేటప్పుడు రబ్బరు గొట్టం ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొన కార్బురేటర్ నోటి దగ్గర పట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. గాలి లోపలికి పోయే చప్పుడును బట్టి స్క్రూ అటూ ఇటూ వెంట్రుకవాసి తిప్పేవాడు. పులివెందుల నుంచి జీపులు, రాజంపేట నుంచి అంబాసిడర్లు అతని కోసం వచ్చేవి.

తర్వాత కాలం మారింది. కార్లకు కార్బురేటర్లు పోయాయి. ఆఖరికి మోటారు సైకిళ్లకూ పోయాయి. అంతా కంప్యూటరు పెట్టి చూసే పని అయింది. మునీంద్ర చేతికి పెళ్లి మంటపాల జనరేటర్లూ, ఎవరో ముచ్చటపడి ఉంచుకున్న పాత బుల్లెట్లూ మిగిలాయి. అందుకతను పెద్దగా బాధపడలేదు. అందరికీ జరిగిందే తనకూ జరిగిందనుకున్నాడు. రామాంజి తిరిగి రాకపోయి ఉంటే అలాగే అనుకుంటూ ముసలివాడయ్యేవాడేమో.

రామాంజిది వేంపల్లె దగ్గర పల్లె. పని నేర్చుకున్నది మునీంద్ర దగ్గరే. మునీంద్ర భార్య శివజ్యోతి అతన్ని తమ్ముడిలా చూసుకుని అన్నం పెట్టింది. పని చేతికొచ్చాక కోయంబత్తూరు పోయి, పందెం కార్లు తయారుచేసే షెడ్డులో చేరాడు. అక్కడే పెళ్లయింది, జుట్టు కూడా కొంచెం నెరిసింది. ఇన్నేళ్లకు తిరిగొచ్చి, సరిగ్గా మునీంద్ర షెడ్డుకు ఎదురుగా రోడ్డుకు అవతల షెడ్డు పెడదామనుకున్నాడు. ముందు వచ్చి అడిగాడు కూడా.

"అన్నా, ఈడ ఎదురుగా తావు దొరికింది. నీకు ఇబ్బందైతే సెప్పు, వేరే యాడన్నా సూస్కుంటా."

"నాకేం ఇబ్బందప్పా? రోడ్డు నా సొంతమా?" అని మునీంద్ర నవ్వాడు. ఆ నవ్వు నవ్వినందుకు తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకున్నాడు.

రామాంజి షెడ్డు ముందు కుర్రకారు మోటారు సైకిళ్లు, ఖరీదైన కార్లు నిలబడసాగాయి. పొగగొట్టంలో గొట్టం పెడితే పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో అంకెల్లో చూపించే మీటరు అతని దగ్గరుంది. చేతులకు నీలం రంగు తొడుగులు వేసుకుని పనిచేస్తాడు. సాయంత్రానికి కూడా అతని గోళ్లు తెల్లగానే ఉంటాయి. మునీంద్రకు అన్నిటికన్నా ఆ గోళ్లు చూస్తే ఒళ్లు మండేది. టీ తాగేటప్పుడు రోడ్డుకు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. వీపు పెట్టినా చెవులు అటే ఉండేవి. అక్కడ స్టార్టయిన ప్రతి ఇంజనునూ విని, అందులో తప్పు వెతికేవాడు. తప్పు దొరికిన రోజు అన్నం బాగా తినేవాడు.

ఇంట్లో శివజ్యోతి బొరుగులతో ఉగ్గాని చేస్తే, "రామాంజికింత పంపల్ల, వానికి శానా ఇష్టం" అనేది. ఆ మాటతో మునీంద్ర నోట్లో ముద్ద చప్పబడిపోయేది.

"వానికి పెండ్లాం లేదా సేసిపెట్టేకి?"

"ఉంటే మాత్రం? మన సేతి తిండి తిని పెరిగినోడు."

అదే అతని బాధ. తన చేతి తిండి తిని, తన దగ్గర పని నేర్చుకుని, తనను దాటిపోయాడు. పరాయివాడు దాటిపోయి ఉంటే ఇంత మంట ఉండేది కాదు.

ఇట్లా ఉండగా సంతోషమ్మ కారు బయటికొచ్చింది.

సంతోషమ్మకు కడపలో టూరిస్టు బస్సులున్నాయి. గట్టి మనిషి. బస్సు ఆగిపోతే డ్రైవరు కంటే ముందు తానే కింద దూరి చూస్తుంది. ఆమె తండ్రి పూర్వం ఒక ఇంగ్లీషు మిషన్ డాక్టరు దగ్గర డ్రైవరుగా ఉండేవాడు. ఆ డాక్టరు దేశం వెళ్లిపోతూ తన రెండు సీట్ల ఎర్ర ఎం.జి. కారును అతనికి వదిలిపోయాడు. దానికి పైకప్పు లేదు, ఎత్తు మనిషి నడుము దాటదు. తండ్రి పోయాక చాలా ఏళ్లు అది బస్సుల షెడ్డు మూలలో టార్పాలిన్ కింద పడి ఉంది. బెంగళూరులో పాత కార్ల ప్రదర్శన, దాంతోపాటు కొండ ఎక్కే పోటీ ఒకటి జరుగుతుందని విని, సంతోషమ్మ దాన్ని లేపాలనుకుంది. ఇంజను విప్పించి కొత్త పిస్టన్లు వేయించింది. మిగిలింది కార్బురేటర్ల సంగతి. కారుతో వచ్చిన జంట ఎస్.యు. కార్బురేటర్లు అరిగిపోయి, వాటి ఇరుసులు లొడలొడలాడుతున్నాయి. మునీంద్రనూ రామాంజినీ ఇద్దరినీ తన షెడ్డుకు పిలిపించింది.

"ఇంజను మాత్రం బాగుండాది. దీనికి ఏ ఊపిరి పెడితే బాగా పరిగెత్తుతాదో ఇద్దరూ సెప్పండి. నాకు వాదులాటలొద్దు, ఎందుకో సెప్పండి."

మునీంద్ర ముందు మాట్లాడాడు. "అమ్మా, మన అంబాసిడర్ ఇంజనూ, ఇదీ ఒక తల్లి పిల్లలే. నేనెన్ని విప్పినానో లెక్కలేదు. దీనికి ఆ జంట ఎస్.యు.లే సరి. ఇంజను ఎంత గాలి అడిగితే దీని లోపలి పిస్టను అంత లేస్తాది, దాంతోపాటు సూది లేస్తాది, అంతే పెట్రోలు పోతాది. అడిగినంత పెడతాది, అడక్కుండా పెట్టదు. కొత్త ఇరుసులేసి, సూదులు మారిస్తే సాలు."

రామాంజి వినయంగానే అందుకున్నాడు. "అన్న సెప్పింది నిజం. ఊర్లో తిరిగేకి దాన్ని మించింది లేదు. అయితే అక్క కొండ ఎక్కే పోటీ అంటాంది. పైవేగంలో దీనికింకా గాలి కావల్ల. ఒకటే పెద్ద వెబర్ కార్బురేటర్, రెండు నోర్లది, పెడదాం. పెట్రోలు చిమ్మే జెట్లు ఒక్కో నోటికి వేరే. మన ఎండకు, మన కొండకు తగినట్టు మార్చుకోవచ్చు."

అంటూ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. కొత్త వెబర్. రెండు గొట్టాలు పక్కపక్కన, మీద చిన్న గుండ్రటి మూత, లోపల పసుపు రంగు ఇత్తడి జెట్లు.

మునీంద్ర దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. కుర్రతనంలో లారీ క్లీనరుగా మద్రాసు పోయినప్పుడు, షోలవరంలో కారు పందేలు జరుగుతుంటే కంచె మీద నుంచి చూశాడు. ఒక కారు బానెట్టు తెరిచి ఉంటే, అందులో ఇలాంటివే రెండు కనిపించాయి. అవి గాలి పీల్చే చప్పుడు చెవిలో ఉండిపోయింది. ఎప్పుడైనా ఒకటి చేతికి దొరుకుతుందని ఎన్నో ఏళ్లు అనుకున్నాడు. దొరకలేదు. ఇప్పుడది ఇక్కడ, సంతోషమ్మ బల్ల మీద, రామాంజి చేతుల దగ్గర ఉంది.

చెయ్యి చాచి ముట్టుకోలేదు. "రెండు సిలిండర్లకొకటే గాలి దోవ ఉండే ఇంజనుకి ఇంత నోరుండేది పెడితే కింద వేగంలో ఉక్కిరిబిక్కిరైతాది. నా మాట కాదంటే మీ ఇష్టం" అన్నాడు. అందులో కొంత నిజం ఉంది. అయితే అతను చెప్పింది ఆ నిజం కోసం కాదు.

సంతోషమ్మ ఇద్దరి మొహాలూ చూసింది. "ముసలితనంలో నెమ్మదిగా పోతాంలే. ఇప్పుడు వెబరే పెట్టు రామాంజీ" అంది.

మునీంద్ర ఇంటికి పోయి, ఎవరు అడిగినా అడక్కపోయినా ఆ కారు నడవదని చెప్పడం మొదలుపెట్టాడు. రామాంజి షెడ్డులో అది స్టార్టయిన రోజు వీపు పెట్టి కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అంత అందమైన చప్పుడు ఈ రోడ్డు మీద అతను వినలేదు. టీ సగంలో వదిలేసి లోపలికి పోయాడు.

గువ్వలచెరువు ఘాటు రోడ్డు మీద నడిపి చూద్దామని సంతోషమ్మ ఒక ఉదయం బయలుదేరింది. పక్క సీట్లో రామాంజి. "నువ్వూ రా మునీంద్రా, పెద్దోడివి" అని పిలిస్తే, మునీంద్ర ఆమె జీపులో వెనకాలే వెళ్లాడు. ఎందుకు పోతున్నాడో అతనికి తెలుసు. అది ఆగిపోవడం చూడాలని.

మొదటి మలుపులు కారు మేకపిల్లలా ఎగిరెగిరి ఎక్కింది. ఎండ ఎక్కింది, ఇంజను వేడెక్కింది. పైదాకా పోకముందే దాని చప్పుడు చెడింది. దగ్గింది, ఎదురు తుమ్మింది, ఒక మలుపులో పూర్తిగా నిలిచిపోయింది. వెనక లారీలు ఆగాయి. డ్రైవర్లు దిగి చుట్టూ మూగారు. ఒకడు ఫోను తీసి వీడియో పట్టుకున్నాడు.

రామాంజి బానెట్టు ఎత్తి, మళ్లీ స్టార్టు చేయించాడు. ఇంజను ఎగుడుదిగుడుగా తిరిగింది. మీటరు చూస్తే పెట్రోలు చాలడం లేదంటోంది. అతని నుదుట చెమట కారి కంట్లో పడింది.

"అన్నా, ఒక తూరి సూస్తావా? నీ చెవితో."

మునీంద్ర వంగాడు. వంగకముందే విన్నాడు. ఇంజను మోత వెనక, లారీల హారన్ల వెనక, సన్నగా ఒక ఈల. వెబర్‌కూ దాన్ని ఇంజనుకు కలిపే గొట్టానికీ నడుమ, కింది పక్క. అక్కడుండే రబ్బరు రింగు గాడిలో సరిగా కూర్చోలేదు. చల్లగా ఉన్నప్పుడు ఆపింది. వేడెక్కాక సందు తెరుచుకుని దొంగగాలి పీలుస్తోంది. అంతే. నట్లు విప్పి, రింగు సరిచేసి, మళ్లీ బిగిస్తే అయిపోతుంది. చెప్పడానికి రెండు మాటలు చాలు.

ఆ రెండు మాటలు నాలుక మీదికొచ్చాయి. రామాంజి మొహం ఎత్తి చూస్తున్నాడు, పూర్వం పని నేర్చుకునేటప్పుడు చూసినట్టే. ఆ చూపులో ఇంకా గౌరవం ఉంది. అది కూడా మునీంద్రను కాల్చింది.

"ఈ జాతి నాకు తెలీదప్పా" అన్నాడు నడుము ఎత్తుతూ. "నీ మీటరు ఉండాది కదా, అదేం సెప్తాంది?"

మీటరు చెప్పినట్టే రామాంజి పెద్ద జెట్లు వేశాడు. గాలి దొంగతనంగా పోతుంటే పెట్రోలు పెంచి ఏం లాభం? కారు నల్లపొగ కక్కింది, ప్లగ్గులు తడిసిపోయాయి, ఆ తర్వాత స్టార్టే కాలేదు. డ్రైవర్లు నవ్వారు. చివరికి కిందికి పోయే ఒక లారీకి తాడు కట్టి, ఎర్రకారును కడప దాకా ఈడ్చుకొచ్చారు. సంతోషమ్మ స్టీరింగు పట్టుకుని ముందున్న తాడునే చూస్తూ కూర్చుంది. జీపులో మునీంద్ర మాత్రం డ్రైవరుతో గువ్వలచెరువు కోవా గురించి ఉత్సాహంగా కబుర్లు చెప్పాడు.

మర్నాడే సంతోషమ్మ నుంచి పిలుపొచ్చింది. "నీ ఎస్.యు.లే పెట్టు మునీంద్రా."

ప్రాణం పెట్టి చేశాడు. కొత్త ఇరుసులు వేశాడు, సూదులు మార్చాడు, రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని రెండింటి ఊపిరీ ఒకటి చేశాడు. కారు ఘాటు ఎక్కింది, ఎక్కడా తడబడలేదు. పైన కోవా అంగడి దగ్గర సంతోషమ్మ, "నువ్వే సరిగా సెప్పినావప్పా" అని అందరి ముందూ అంది. తాడు కట్టిన వీడియో అప్పటికే ఊరంతా తిరిగింది. రామాంజి షెడ్డు ముందు బండ్లు తగ్గాయి. మునీంద్ర మళ్లీ రోడ్డు వైపు తిరిగి టీ తాగసాగాడు.

ఒక మధ్యాహ్నం రామాంజి రోడ్డు దాటి వచ్చాడు. చేతుల్లో తొడుగులు లేవు. అరచేతిలో ఒక పక్క నొక్కుకుపోయిన నల్ల రబ్బరు రింగు ఉంది. దాన్ని మునీంద్ర ముందు స్టూలు మీద పెట్టాడు.

"ఇదన్నా సంగతి. బల్ల మీద విప్పితే దొరికింది."

మునీంద్ర దాన్ని వేలితో తిప్పి చూశాడు.

"ఇంత సందుంటే ఈల రాకుండా ఉండదు. నాకు ఆ గొడవలో వినపడల్యా. భయంలో ఉండా. నువ్వు వంగినావు. నువ్వు విన్యావు కదన్నా?"

మునీంద్ర చేతిలోని స్పానరును గుడ్డతో తుడవసాగాడు.

"వినల్యాదని సెప్పు. నమ్ముతా, నీ మీద ఒట్టు. అన్న ముసలోడైనాడు, చెవి మందగించిందనుకుంటా. ఎవురికీ సెప్పను."

తప్పించుకోవడానికి దారి తెరిచే పెట్టాడు. వినలేదంటే చాలు. కాని మునీంద్రకు వాడన్న ఇంకో మాట గుచ్చుకుంది. చెవి మందగించిందట! అదీ వీడి నోట! చెడ్డవాడినని ఒప్పుకోవచ్చు గాని, చెవిటివాడినని ఎట్లా ఒప్పుకుంటాడు?

"విన్యా" అన్నాడు. "వంగకముందే విన్యా. కింది పక్క."

రామాంజి తల ఊపాడు. కోపగించలేదు, అరవలేదు. "ఆఁ. కింది పక్కే" అని, రింగు అక్కడే వదిలి, వచ్చిన దారినే పోయాడు.

ఆ తర్వాత అతను ఇంటికి రాలేదు. శివజ్యోతి ఉగ్గాని పంపిస్తే గిన్నె కడిగి, బియ్యం పోసి, భార్య చేత తిప్పి పంపాడు, తను మాత్రం రాలేదు. ఏం జరిగిందని శివజ్యోతి అడిగితే మునీంద్ర, "నాకేం తెల్సు" అన్నాడు. రామాంజి ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే మునీంద్ర కొట్లాడి ఉండేవాడు, అబద్ధమనేవాడు, తేలికపడేవాడు. అవతల షెడ్డు సగం తలుపు వేసి ఉంటే, ఇతనికి గెలిచినట్టు అనిపించలేదు. ఎదురుగా ఇంజన్ల చప్పుడు లేక, తప్పులు వెతకడానికి కూడా ఏమీ లేకుండా పోయింది.

ఒకరోజు సంతోషమ్మ బస్సుల షెడ్డుకు పోయి నిలబడ్డాడు.

"అమ్మా, వెబరు తప్పేం లేదు. రబ్బరు రింగొకటి నలిగింది. ఆ రోజే నాకు తెల్సు. సెప్పల్యా."

సంతోషమ్మ చేతిలో ఉన్న టైరు లీవరు కింద పెట్టింది. "ఘాటు మలుపులో లారీల నడుమ నన్ను నిలబెట్టి, తెల్సీ గమ్మునుంటివా? ఎందుకప్పా?"

ఆమె చాలాసేపు తిట్టింది. అతని నాయన్ను కూడా మధ్యలోకి తెచ్చి తిట్టింది. తిట్టడం అయ్యాక, "రేపు ఇద్దరూ రండి. మళ్ల వెబరు పెట్టండి. రామాంజితో నేను మాట్లాడ్తా. నువ్వు మాట్లాడొద్దు, పని సెయ్" అంది.

మర్నాడు ఇద్దరూ వచ్చి పని మొదలుపెట్టారు. తన చేత్తో సరిచేసిన ఎస్.యు.లను మునీంద్రే విప్పాడు. ఆ నట్లు విప్పుతుంటే పచ్చి పుండు మీద పొర లాగినట్టుంది. కొత్త రింగులు గాడిలో కూర్చోబెట్టాక రామాంజి వెబర్‌ను అతని వైపు జరిపాడు, పట్టుకోమన్నట్టు. మునీంద్ర పట్టుకున్నాడు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది, చల్లగా ఉంది. రామాంజి మీటరు చూసి జెట్టు మార్చినప్పుడల్లా మునీంద్ర గొట్టం చెవిలో పెట్టుకుని, వేలు పైకో కిందికో చూపించాడు. అంతే వాళ్ల మధ్య సంభాషణ.

ఘాటు మీద ఈసారి సంతోషమ్మ మునీంద్రను పక్కన కూర్చోబెట్టుకుంది. కింది మలుపుల్లో వేగం తగ్గించినప్పుడు కారు కొంచెం మొరాయించింది, అతను మొదట చెప్పినట్టే. చివరి ఎత్తు మీద ఆమె పెడలు పూర్తిగా తొక్కింది. వెబర్ నోళ్లు రెండూ తెరుచుకుని గాలిని గర్జించి మింగాయి. కారు ముందుకు దూకితే మునీంద్ర వీపు సీటుకు అతుక్కుపోయింది. తన ఎస్.యు.లతో ఈ ఎత్తు మీద కారు ఇలా దూకలేదు. ఎంత సానపట్టినా దూకదు. ఆ సంగతి చెవి చెప్పింది, వీపు చెప్పింది. సంతోషంతో కళ్లు చెమర్చాయో, ఈర్ష్యతో చెమర్చాయో అతనికే తెలియలేదు. పైన దిగి, "వెబరే ఉంచుకోమ్మా" అన్నాడు.

బెంగళూరు పోయే రోజు దగ్గరికొచ్చింది. కారులో సీట్లు రెండే. ఎవరు వస్తారని సంతోషమ్మ అడిగితే, రామాంజి నేల చూశాడు. "వాడే పోవల్ల. వాని పని అది" అన్నాడు మునీంద్ర. రామాంజి అతని వైపు చూసి, చాలా రోజుల తర్వాత, "సరేన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటే. పాత చనువు తిరిగి రాలేదు. వస్తుందని ఇద్దరూ అనుకున్నట్టు కూడా లేరు.

ఎర్రకారు వెళ్లిన పూట మునీంద్ర షెడ్డు తెరవలేదు. ఇంట్లో కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ ఉండిపోయాడు.

"ఏమయ్యా, ఒంట్లో బాగల్యాదా?" అంది శివజ్యోతి.

"బాగానే ఉండా."

"మరి తినవేం?"

"కుళ్లుగా ఉండాది" అన్నాడు. "వాడు పోయినాడు, నేను పోల్యా. శానా కుళ్లుగా ఉండాది."

ఇన్నాళ్లకు ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. శివజ్యోతి నవ్వలేదు, కోప్పడలేదు. కంచం జరిపి, కలిపిన అన్నం మీద ఇంకాస్త పప్పు వేసింది. మునీంద్ర తినడం మొదలుపెట్టాడు.